సన్నని రేకుతో ఎండను కొలిచిన శామ్యూల్ లాంగ్లీ

స్వర్ణోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు శామ్యూల్ పియర్‌పాంట్ లాంగ్లీ జీవితం రాస్తానన్నాను. ఆయన ఎవరని అడిగారు. రైట్ సోదరుల కంటే 9 రోజుల ముందు విమానం ఎగరేయబోయి నదిలో పడేసిన పెద్దాయన అని చెబితే ఒకరిద్దరికి గుర్తొచ్చింది. లోకం ఆయన్ని ఎక్కువగా ఆ ఒక్క సంగతితోనే గుర్తుపెట్టుకుంది. అంతకు 20 ఏళ్ళ ముందే ఆయన వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని లోహపు రేకుతో, కంటికి కనపడని ఎండను కొలిచి చూపించిన సంగతి చాలామందికి తెలియదు.

ఈయన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. నేను 30 ఏళ్ళుగా విద్యుత్ రంగంలో పనిచేస్తున్నాను. సబ్‌స్టేషన్లో ఏ జాయింటు వేడెక్కుతోందో దూరం నుంచే చూపించే థర్మల్ కెమెరాకు మూలపురుషుడు ఈయనే. రెండో కారణం మన సంచికకు తగినది. ఖగోళ పరిశోధనాలయానికి డైరెక్టరుగా, ఆచార్యుడిగా, అమెరికాలో పేరుపొందిన స్మిత్సోనియన్ సంస్థకు అధిపతిగా పనిచేసిన ఈ మనిషి కాలేజీ మెట్లెక్కి చదివినవాడు కాడు. ఆయన చదువు హైస్కూలుతో ముగిసింది.

బోస్టన్ బడి

లాంగ్లీ 1834 ఆగస్టు 22న అమెరికాలో బోస్టన్ పక్కనున్న రాక్స్‌బరీలో పుట్టాడు. తండ్రి వ్యాపారి. కలిగిన ఇల్లు, పుస్తకాలకు లోటు లేదు. బోస్టన్ లాటిన్ స్కూల్లోనూ, తర్వాత ఇంగ్లిష్ హైస్కూల్లోనూ చదివాడు. రెండూ ఆ నగరపు ప్రభుత్వ బడులే. మొదటిది 1635లోనూ, రెండోది 1821లోనూ పెట్టినవి. తోటివాళ్ళలో పలువురు అక్కడి నుంచి నది దాటి హార్వర్డ్‌కు వెళ్ళే రోజుల్లో, లాంగ్లీ మాత్రం 1851లో హైస్కూలు ముగించి పనిలో చేరాడు.

పదేళ్ళకు పైగా కట్టడాల డిజైను, ఇంజనీరింగు పనులు చేశాడు. చికాగో, సెయింట్ లూయీ నగరాల్లో గడిపాడు. గీతలు గీయడం, కొలతలు వేయడం చేతికి బాగా పట్టుబడింది. ఆ చేతివాటం తర్వాత సూర్యుడి మచ్చల బొమ్మలు గీసేటప్పుడు అక్కరకొచ్చింది. 1873 డిసెంబరులో ఆయన గీసిన ఒక సూర్యమచ్చ చిత్రాన్ని ఎన్నో ఏళ్ళపాటు ఖగోళశాస్త్ర పుస్తకాల్లో అచ్చువేసుకున్నారు.

30 ఏళ్ళ వయసులో ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికి తిరిగొచ్చాడు. తమ్ముడు జాన్‌తో కలిసి, అద్దం తామే సానబెట్టుకుని ఒక టెలిస్కోపు తయారుచేశాడు. అన్నదమ్ములిద్దరూ యూరప్ వెళ్ళి అక్కడి పరిశోధనాలయాలు చూసి వచ్చారు. ఆ ఆసక్తి చూసి హార్వర్డ్ పరిశోధనాలయంలో సహాయకుడిగా తీసుకున్నారు. ఏడాది తిరక్కుండానే అన్నాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో గణితం బోధించే పని, మరుసటి ఏడు 1867లో పిట్స్‌బర్గ్ దగ్గరి అలెఘెనీ పరిశోధనాలయం డైరెక్టరు పదవి వచ్చాయి. అక్కడే దాదాపు 20 ఏళ్ళు ఉన్నాడు.

అలెఘెనీ కొండ మీద

పదవి పేరు పెద్దదేగాని, చేరేనాటికి అక్కడున్న చెప్పుకోదగ్గ పరికరం 13 అంగుళాల టెలిస్కోపు ఒక్కటే. డబ్బు లేదు. చుట్టూ ఇనుము, గాజు ఫ్యాక్టరీల పొగ. లాంగ్లీ ముందు డబ్బు దారి చూసుకున్నాడు. నక్షత్రాలను చూసి గడియారాన్ని సరిచేసుకోవడం ప్రతి ఖగోళ పరిశోధనాలయంలోనూ జరిగే పనే. అప్పట్లో ఒక్కో ఊరికి ఒక్కో టైము. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు రైళ్ళు నడిపే రైల్వేకు అది ప్రాణాంతకమైన చిక్కు. లాంగ్లీ తన గడియారం టిక్కులను టెలిగ్రాఫు తీగల మీద పెన్సిల్వేనియా రైల్‌రోడ్డుకు పంపి, అందుకు రుసుం తీసుకునే ఏర్పాటు 1869లో చేశాడు. ఆ రాబడే పరిశోధనాలయాన్ని నిలబెట్టింది. స్థానిక ధనికుడు విలియం థా అనే ఆయన కూడా చివరివరకు అండగా నిలిచాడు.

1872లో ఒక విచిత్రం జరిగింది. టెలిస్కోపు ముందుండే పెద్ద కటకాన్ని ఎవరో దొంగిలించారు. డబ్బిస్తే తిరిగిస్తామని కబురు పంపారు. లాంగ్లీ ససేమిరా అన్నాడు. ఇవాళ తాను డబ్బిస్తే, రేపు దేశంలో ఏ పరిశోధనాలయంలోనూ కటకం మిగలదన్నది ఆయన వాదన. చివరికి కటకం దొరికింది, కాకపోతే గీతలు పడి. మళ్ళీ సానబెట్టించి వాడుకున్నారు.

ఆ రోజుల్లోనే జాన్ బ్రాషియర్ అనే ఇనుప మిల్లు మెకానిక్కు తాను సానబెట్టిన 5 అంగుళాల కటకాన్ని పట్టుకుని భయపడుతూ కొండెక్కి వచ్చాడు. పగలంతా మిల్లులో పని, రాత్రిళ్ళు భార్యతో కలిసి పెరటి షెడ్డులో గాజు సానబెట్టడం అతని దినచర్య. అతనికీ పెద్ద చదువు లేదు. లాంగ్లీ కటకాన్ని పరీక్షించి మెచ్చుకుని, అద్దాల టెలిస్కోపుల తయారీ మీద ఒక పుస్తకం చేతిలో పెట్టి పంపాడు. తర్వాత కాలంలో ప్రపంచమంతటా పేరొందిన పరికరాల తయారీదారు అయ్యాడు బ్రాషియర్. లాంగ్లీ ప్రయోగాలకు కావలసిన సైంధవ లవణపు పట్టకాలను సానబెట్టి ఇచ్చిందీ ఆయనే. మామూలు గాజు కొంత దూరం దాటాక పరారుణ కిరణాలను మింగేస్తుంది. సైంధవ లవణం వాటిని చాలా మేరకు పోనిస్తుంది. అందుకే ఉప్పు పట్టకం. గాలిలో తేమకు అది కరిగి మసకబారుతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ సాన పట్టాల్సి వచ్చేది.

రేకు ఎందుకు సన్నగా ఉండాలి

లాంగ్లీని పట్టుకున్న ప్రశ్న చిన్నదే. సూర్యుడి నుంచి మనకు ఎంత వేడి వస్తోంది? అందులో ఏ రంగు వాటా ఎంత?

ఎండను పట్టకంతో విడగొడితే ఎరుపుకు అవతల, కంటికి ఏమీ కనిపించని చోట కూడా థర్మామీటరు వేడెక్కుతుందని 1800లోనే విలియం హెర్షెల్ చూపించాడు. తర్వాత ఇటలీలో నోబిలి, మెల్లోని రెండు లోహాల అతుకులను వరుసగా పేర్చి థర్మోపైల్ తయారుచేశారు. అది పాదరసం కంటే ఎంతో చురుకైనది. లాంగ్లీకి అదీ చాలలేదు. ఎండను పలచగా పరిచి, అందులోంచి దారంలాంటి ఒక్క చారను తీసుకుని దాని వేడి కొలవాలి. అంత సన్నని చారలో వేడి ఉండీ లేనట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. వేడిని కొలిచే ఏ వస్తువైనా ముందు తాను వేడెక్కాలి. ఒకే దీపం మీద గిద్దెడు నీళ్ళు పెడితే ఇట్టే కాగుతాయి. గంగాళం పెడితే గోరువెచ్చన కూడా కావు. వచ్చే వేడి అతి స్వల్పం అయినప్పుడు దాన్ని అందుకునే వస్తువు కూడా అతి స్వల్పంగా ఉండాలి. కానీ ఎండ పడే వెడల్పు తగ్గితే వచ్చే వేడీ తగ్గుతుంది. కాబట్టి వెడల్పు ఉంచి మందాన్ని తగ్గించాలి. అంటే రేకు.

లాంగ్లీ మొదట ఇనుముతో, తర్వాత ప్లాటినంతో కొన్ని మైక్రాన్ల మందం ఉన్న రేకులు చేయించాడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఆ రేకుకు దీపపు మసి పూశాడు. నల్లటిది వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది కదా. లోహం వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ప్లాటినం విషయంలో ఒక డిగ్రీకి 1000లో సుమారు 4 వంతులు పెరుగుతుంది. ఆ పెరుగుదలను పట్టుకుంటే ఉష్ణోగ్రత దొరికినట్టే.

పట్టుకోవడానికి ఇంటర్మీడియట్ ల్యాబులో మనందరం కుస్తీపట్టిన వీట్‌స్టన్ బ్రిడ్జినే వాడాడు. ఒకేలాంటి రెండు రేకులు. ఒకదాని మీద ఎండ చార పడుతుంది, రెండోది నీడలో ఉంటుంది. గదిలో చలి పెరిగినా, గాలి మారినా రెండూ సమానంగా మారతాయి కనుక త్రాసు కదలదు. ఎండ పడిన రేకు మాత్రమే అదనంగా వేడెక్కితే త్రాసు ఒరుగుతుంది, గాల్వనోమీటరు అద్దం మీద నుంచి వచ్చే వెలుగు చుక్క గోడ మీద పక్కకు జరుగుతుంది. 1880 నాటికి ఇది పనిచేసింది. మరుసటి ఏడు దాని వివరాలు ప్రచురించాడు. కిరణం అనే అర్థమున్న గ్రీకు మాటను తీసుకుని దానికి బోలోమీటర్ అని పేరు పెట్టాడు.

డిగ్రీలో లక్షో వంతు మార్పును అది చూపించేది. రేకు నిరోధంలో ఆ మార్పు 10 కోట్లలో 4 వంతులు. ఎలక్ట్రానిక్ యాంప్లిఫయర్లు పుట్టని కాలమది. పావు మైలు దూరంలో, అంటే మన లెక్కన రెండు ఫర్లాంగుల అవతల, మేస్తున్న ఆవు ఒంటి వేడిని పరికరం పసిగట్టిందని చెప్పుకునేవారు. ఇంజనీరుగా నాకు అబ్బురం అనిపించేది రేకు సన్నదనం ఒక్కటే కాదు. దానితో పాటు ఆ పనిలోని ఓపిక. వీధిలో బండి వెళితే చుక్క ఊగుతుంది, తలుపు తీస్తే ఊగుతుంది. ఒక్కో చారను మళ్ళీ మళ్ళీ కొలిచి, సగటు తీసి, పక్క చారకు జరుగుతూ ఏళ్ళ తరబడి సాగాడు.

విట్నీ పర్వతం

భూమ్మీద నిలబడి కొలిచేది గాలి వడగట్టి పంపిన ఎండను. గాలికి పైన ఎంత ఎండ ఉందో తెలియాలంటే, గాలి ఎంత మింగిందో తెలియాలి. అందుకు ఒకే సూర్యుణ్ణి కొండ కింద నుంచి, కొండ మీద నుంచి కొలిచి రెండు లెక్కల తేడా చూడాలి. 1881 వేసవిలో లాంగ్లీ కాలిఫోర్నియాలోని విట్నీ పర్వతానికి బయల్దేరాడు. దాని ఎత్తు దాదాపు 14,500 అడుగులు. ఖర్చులో కొంత విలియం థా పెట్టుకున్నాడు, సైన్యంలోని సిగ్నల్ సర్వీసు రవాణాకు, మనుషులకు సాయపడింది. జేమ్స్ కీలర్ అనే కుర్రవాడు సహాయకుడిగా వచ్చాడు. తర్వాత పెద్ద ఖగోళ శాస్త్రవేత్త అయినది ఆయనే.

రైలు దిగి ఎడారి దాటి, కొండ దిగువన లోన్ పైన్ దగ్గర ఒక శిబిరం వేశారు. అక్కడి నుంచి కంచర గాడిదల మీద గాల్వనోమీటరును, అద్దాలను, ఆ సన్నని రేకులను పైకి చేర్చారు. చేత్తో గట్టిగా తాకితే చిరిగిపోయే రేకులవి. పైన మరో శిబిరం. పగలు ముఖం కాలిపోయే ఎండ, రాత్రి ఎముకలు కొరికే చలి. అక్కడ, పలచని గాలిలో, అంతకుముందు ఎవరూ కొలవని మేరకు పరారుణ ఎండ సాగిపోతుండటం లాంగ్లీ చూశాడు. మధ్యమధ్య వెడల్పాటి ఖాళీలు. ముఖ్యంగా గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మింగేసిన చోట్లవి. ఇప్పుడు మనకు తెలిసిన లెక్కలో సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో ఇంచుమించు సగం ఈ కనపడని భాగంలోనే ఉంది.

అయితే తుది లెక్కలో పొరపాటు దొర్లింది. గాలికి పైన ఒక చదరపు సెంటీమీటరు మీద నిమిషానికి 3 క్యాలరీల వేడి పడుతుందని తేల్చాడు. అసలు విలువ 2 క్యాలరీలకు కాస్త తక్కువ. కొలతలు మంచివే, గాలి మింగిన వాటాను సరిదిద్దే పద్ధతిలో లోపం ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

చంద్రుడి వేడి, భూమి దుప్పటి

ఎండను కొలిచాక ఆయన చూపు వెన్నెల మీదికి మళ్ళింది. చంద్రుడి నేల నుంచి వచ్చే వేడి సూర్యుడి వేడితో పోలిస్తే లేనట్టే. ఫ్రాంక్ వెరీ అనే సహాయకుడితో కలిసి 1885 నుంచి రాత్రుల తరబడి దాన్ని కొలిచి, 1890లో ఫలితాలు ప్రచురించాడు. చంద్రుడు ఆకాశంలో ఎత్తుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు తక్కువ గాలి దాటి వస్తాయి, దిగువన ఉన్నప్పుడు ఎక్కువ గాలి దాటి వస్తాయి. రెండింటి తేడా ఆ పట్టికల్లో నమోదైంది.

ఆ అంకెలను స్వీడన్‌లో స్వాంటే అర్హీనియస్ అందుకున్నాడు. ఇంటర్ కెమిస్ట్రీలో అయాన్ల పాఠంలో వచ్చే అర్హీనియస్ ఈయనే. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వేడిని ఎంత ఆపుతున్నాయో లాంగ్లీ చంద్రుడి కొలతల నుంచి రాబట్టి, ఆ వాయువు రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని 1896లో చేతితో లెక్కకట్టాడు. చంద్రుడి వేడి తెలుసుకుందామని పోగుచేసిన అంకెలు భూమి వేడెక్కడం గురించిన తొలి లెక్కకు పునాది అయ్యాయి. మన ఎండాకాలాల గురించి ఇవాళ జరుగుతున్న చర్చకు ఒక మూలం అలెఘెనీ కొండ మీది ఆ రేకులో ఉంది.

రేకు మాత్రం ఇంకా సన్నబడుతూనే వచ్చింది. ఇప్పుడు లోహాన్ని శూన్యంలో ఆవిరి చేసి, పింగాణీ బిళ్ళ మీదో సిలికాన్ మీదో పొరలా దించుతున్నారు. మైక్రాన్‌లో పదో వంతు మందం కూడా మామూలైంది. అలాంటి పొరలతో ఎలక్ట్రానిక్ చిప్పు లోపల ఏ మూల వేడెక్కుతోందో తెలుసుకుంటున్నారు. నేను పట్టుకు తిరిగే థర్మల్ కెమెరాలో 640 అడ్డంగా, 480 నిలువుగా, అంటే 3,07,200 బుల్లి బోలోమీటర్లున్నాయి. వెనేడియం ఆక్సైడ్ వంటి పదార్థపు పొర, రెండు సన్నని కాళ్ళ మీద సిలికాన్‌కు తగలకుండా నిలబడి ఉంటుంది. కాళ్ళు అంత సన్నగా ఎందుకంటే, పొరకు అందిన వేడి కిందికి జారిపోకూడదు. 2020లో విమానాశ్రయాల్లో మన జ్వరాన్ని దూరం నుంచి చూసిన కెమెరాల్లో ఉన్నవీ ఎక్కువగా ఇవే. 2009లో పంపిన ప్లాంక్ ఉపగ్రహం విశ్వం తొలినాళ్ళ వేడిని కొలిచింది కూడా బోలోమీటర్లతోనే.

పొటోమాక్ నది

1887లో లాంగ్లీని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శిగా తీసుకున్నారు. అక్కడ కార్యదర్శి అంటే అధిపతే. ఆయన హయాంలోనే జాతీయ జంతుప్రదర్శనశాల వచ్చింది, 1890లో సంస్థ వెనక ఒక షెడ్డులో ఖగోళ భౌతిక పరిశోధనాలయం మొదలైంది. బోలోమీటరు పని అక్కడా సాగింది. చుక్క కదలికను ఫొటో పలక మీద దానంతటదే నమోదయ్యేలా చేసి, పరారుణ ఎండలో 700కు పైగా గీతలను గుర్తించి 1900లో ప్రచురించారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. నలుగురిలో కలిసే స్వభావం కాదు, బిడియస్తుడు.

గద్దలు రెక్కలాడించకుండా గాలిలో ఎలా నిలుస్తాయన్నది ఆయనకు చిన్ననాటి నుంచీ ఉన్న ప్రశ్న. అలెఘెనీలోనే ఆవిరి ఇంజనుతో తిరిగే పొడవాటి చేతికి రెక్కలు బిగించి గాలి ఎంత ఎత్తుతుందో కొలిచి, 1891లో పుస్తకం వేశాడు. తర్వాత చిన్న ఆవిరి ఇంజన్లతో నమూనాలు కట్టాడు. మొదటివన్నీ విఫలమయ్యాయి. 1896 మే 6న పొటోమాక్ నదిలో ఒక పడవ ఇంటి పైకప్పు నుంచి వదిలిన 5వ నంబరు నమూనా దాదాపు కిలోమీటరు ఎగిరి, ఆవిరి అయిపోయాక మెల్లగా నీటి మీద వాలింది. మనిషి లేడు, తాడు లేదు. ఇంజనున్న గాలికంటే బరువైన యంత్రం అంత దూరం ఎగరడం అదే మొదలు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ పక్కనే ఉండి ఫొటో తీశాడు. లాంగ్లీకి అప్పుడు 61 ఏళ్ళు.

అక్కడ ఆపి ఉంటే జీవితం వేరుగా ఉండేది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. సైన్యం 50,000 డాలర్లిచ్చి మనిషిని మోసే యంత్రం కట్టమంది. చార్లెస్ మ్యాన్లీ అనే యువ ఇంజనీరు 52 గుర్రాల శక్తి గల తేలికైన పెట్రోలు ఇంజను తయారుచేశాడు. ఆ కాలానికి అది గొప్ప ఇంజను. పెద్ద యంత్రానికి సరిగ్గా నాలుగో వంతు నమూనాను 1901లో, మళ్ళీ 1903 ఆగస్టులో ఎగరేసి చూశారు. ఎగిరింది. అందువల్ల పెద్దదీ ఎగురుతుందనుకున్నారు.

చిక్కు ఇక్కడే ఉంది. ఒక వస్తువును అన్నివైపులా 4 రెట్లు చేస్తే రెక్క వైశాల్యం 16 రెట్లు పెరుగుతుంది, బరువు 64 రెట్లు పెరుగుతుంది. బుల్లి నమూనాలో గట్టిగా నిలిచిన కర్రలు, తీగలు అదే నిష్పత్తిలో పెంచితే నిలవవు. రేకు విషయంలో చిన్నదనం లాంగ్లీకి మిత్రుడైంది. విమానం దగ్గర అదే లెక్క ఎదురు తిరిగింది. పైగా గాలిలో యంత్రాన్ని అదుపు చేయడం ఎలాగో ముందుగా గ్లైడర్ల మీద నేర్చుకునే అవకాశం మ్యాన్లీకి రాలేదు. రైట్ సోదరులు ఏళ్ళపాటు చేసింది ఆ పనే.

1903 అక్టోబరు 7న మొదటి ప్రయత్నం. యంత్రం పడవ మీది నుంచి తిన్నగా నీళ్ళలోకి దిగింది. డిసెంబరు 8న రెండోది. తోక వైపు విరిగి, యంత్రం పైకి లేచి వెనక్కి తిరగబడి మంచు నీళ్ళలో పడింది. కింద చిక్కుకున్న మ్యాన్లీ అతికష్టం మీద బయటపడ్డాడు. 9 రోజుల తర్వాత, డిసెంబరు 17న, సొంత డబ్బుతో, 1,000 డాలర్ల లోపు ఖర్చుతో రైట్ సోదరులు కిట్టీ హాక్‌లో ఎగిరారు. వాళ్ళు కూడా కాలేజీ చదవనివారే. 1899లో వాళ్ళు చదవడానికి ఏమున్నాయని ఉత్తరం రాస్తే పుస్తకాలు, జాబితా పంపింది లాంగ్లీ అధిపతిగా ఉన్న స్మిత్సోనియనే.

పత్రికలు లాంగ్లీని వదలలేదు. ప్రజల డబ్బు నదిలో పోశాడని చట్టసభలోనూ ఎగతాళి చేశారు. యంత్రం వదిలే పరికరంలోనే లోపమని ఆయన చివరివరకు నమ్మాడు. మరో ప్రయత్నానికి డబ్బు దొరకలేదు. 1905లో సంస్థ లెక్కలు చూసే ఉద్యోగి నిధులు కాజేసినట్టు బయటపడింది. ఆ తప్పు ఆయనది కాకపోయినా బాధ్యత తనదేనని ఆ తర్వాత జీతం తీసుకోలేదు. 1906 ఫిబ్రవరి 27న సౌత్ కెరోలినాలోని ఐకెన్‌లో 71వ ఏట కన్నుమూశాడు.

శిష్యుడు దిద్దిన లెక్క

1895లో చార్లెస్ గ్రీలీ యాబట్ అనే కుర్రవాడు లాంగ్లీ దగ్గర సహాయకుడిగా చేరాడు. గురువు పోయాక అదే బోలోమీటరుతో, అదే ప్రశ్నను పట్టుకుని దశాబ్దాలు కొలిచాడు. కొండల మీద, ఎడారుల్లో వేల సార్లు కొలిచి, లాంగ్లీ చెప్పిన 3 క్యాలరీలు తప్పని, అసలు విలువ 2కు కాస్త తక్కువని తేల్చాడు. ఇప్పుడు ఉపగ్రహాలు చెబుతున్న విలువ చదరపు మీటరుకు 1361 వాట్లు. అంటే 1.95 క్యాలరీలు.

ఈలోగా స్మిత్సోనియన్ తన మాజీ అధిపతి మీద అభిమానంతో ఒక పెడదారి తొక్కింది. 1914లో లాంగ్లీ విమానాన్ని బయటికి తీయించి, మార్పులు చేయించి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సరస్సు మీద కాస్త ఎగిరిందనిపించారు. చేసిన మార్పుల సంగతి పూర్తిగా చెప్పకుండా, మనిషిని మోసుకుని ఎగరగల మొదటి విమానం ఇదేనని మ్యూజియంలో పలక పెట్టారు. రైట్ సోదరుల్లో మిగిలిన ఆర్విల్ మండిపడి, 1928లో తమ అసలు విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియానికి పంపేశాడు. అమెరికా తన మొదటి విమానాన్ని సొంత దేశంలో చూసుకోలేని పరిస్థితి వచ్చింది.

ఆ ముడి విప్పింది యాబట్టే. అప్పటికి స్మిత్సోనియన్ కార్యదర్శి ఆయనే. 1942లో, 1914 నాటి మార్పుల జాబితా మొత్తం అచ్చువేసి, సంస్థ చెప్పింది సరికాదని ఒప్పుకుంటూ ప్రకటన ఇచ్చాడు. 1948 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం వాషింగ్టన్ చేరి కొలువుతీరింది. ఆర్విల్ ఆ ఏడాది మొదట్లోనే చనిపోయాడు.

గురువు వేసిన అంకెను, గురువు పేరు మీద సంస్థ చేసిన పొరపాటును దిద్దింది ఒకే శిష్యుడు. దానివల్ల లాంగ్లీ గౌరవం తగ్గలేదు. పైగా లేని గొప్ప తొలగిపోయి, ఉన్న గొప్ప మిగిలింది. ఎండ శక్తిని కొలిచే ఒక ప్రమాణానికి లాంగ్లీ అని పేరు పెట్టారు. చదరపు సెంటీమీటరుకు ఒక క్యాలరీ అయితే ఒక లాంగ్లీ. అమెరికా నౌకాదళపు మొదటి విమానవాహక నౌకకూ, వర్జీనియాలో ఇప్పుడు నాసా నడుపుతున్న పరిశోధనా కేంద్రానికీ ఆయన పేరే ఉంది.

మన బడిలో చదువుతున్న పిల్లలు ఈ సంచిక చదివితే వారికి చెప్పదలచింది ఒకటే. పదో తరగతి దాటాక ఏ కాలేజీలో సీటు వస్తుందో, రాదో అని దిగులు పడకండి. ఒక ప్రశ్నను పట్టుకుని, దాన్ని కొలిచే పనిముట్టును మీ చేతులతో మీరే చేసుకునే ఓపిక ఉంటే చాలా దూరం పోవచ్చు. మీ మాస్టార్లు చెప్పిన లెక్కలో తప్పుందని తోస్తే, యాబట్ మాదిరిగా మళ్ళీ కొలిచి చూడండి. తేడా నిజంగా ఉంటే ఆ సంగతి వారికే వెళ్ళి చెప్పండి. మంచి మాస్టార్లు సంతోషిస్తారు.